భార్యాభర్తలు కలిసియుండుటకు ఎవరి అనుమతి కావలెను?



ఈ పత్రిక చదువువారిలో చాలామంది పుట్టిన ఊరు విడిచి వచ్చి వేరొకచోట స్థిరపడినవారే. కనుక ఈసారి మేము ఎత్తుకొన్న ప్రశ్న మీకు కొత్తది కాదు. పెండ్లి అయిన తరువాత భార్య భర్తయొద్దకు గాని, భర్త భార్యయొద్దకు గాని పరదేశము పోయి కాపురము చేయవలెనన్న ఆ దేశపు నివాస అనుమతి కావలెను. అట్టి దరఖాస్తులకు కాగితములు సర్దిపెట్టుట మా నేతవాడలలో ఇప్పుడు అలవాటు పని అయినది. ఏ కాగితము ఎక్కడ దొరుకునో ఏజెంట్లు చెప్పుదురు, దానికి డబ్బు కూడ తీసికొందురు. మేము వ్రాయదలచినది ఆ కాగితముల వెనుకనున్న సందేహములను గురించి. దేవుని యెదుట, పెద్దల యెదుట జతపడిన ఇద్దరు కలిసియుండుటకు మూడవవానిని అడుగవలసి వచ్చుట న్యాయమేనా? అడిగినప్పుడు ఎంతవరకు నిజము చెప్పవలెను? అనుమతి దొరికినంత మాత్రమున పోవలెనా?

మా పెద్దలు షోలాపూరు వచ్చినప్పుడు వారిని ఈ ప్రశ్నలు ఎవరును అడుగలేదు. 1877లో ఇక్కడ మొదటి పెద్ద బట్టల మిల్లు పని మొదలుపెట్టినది. దానినే ఊరివారు జూనీ మిల్లు అనిరి. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపు నుండి నేతపనివారు ఆ మిల్లుల కొరకు, మగ్గముల కొరకు వచ్చినారు. ఇప్పుడు మనకది రాష్ట్రము మారుట మాత్రమే. ఆనాడది ప్రభుత్వము మారుట. నిజాము రాజ్యము విడిచి ఇంగ్లీషువారి బొంబాయి ప్రెసిడెన్సీలోనికి అడుగుపెట్టుట. అయినను వెనుకనుండి భార్యాపిల్లలు వచ్చినప్పుడు, "ఈమె నీ భార్యయే అనుటకు రుజువేమి?" అని స్టేషనులో ఎవరును ఆపలేదు. సాఖరుపేట, భవానీపేట, దత్తనగరు, అశోక్ చౌకు మొదలైన చోట్ల తెలుగు మాట నిలిచినదంటే మగవారు మాత్రమే వచ్చి నిలిచినందున కాదు, కుటుంబములు వచ్చినందుననే.

ఇందులో గమనింపదగినది ఒకటి ఉన్నది. చేనేత ఒంటరివాని పని కాదు. మగ్గముమీద కూర్చుండువాడు ఒక్కడే గాని, నూలు తోడువారు, కండెలు చుట్టువారు, పడుగుకు గంజి పెట్టువారు ఇంటిలోని ఆడవారు, పిల్లలు, ముసలివారు. భార్య ఊరిలోనే ఉండిపోయినయెడల మగ్గము సగము నిలిచిపోవును. కనుక ఆనాడు భార్యను తెచ్చుకొనుట ప్రేమకు గుర్తా, అవసరమా అని ఎవరును విడదీసి చూడలేదు. తరువాత పవర్‌లూములు వచ్చినవి, చద్దరులు తువ్వాళ్లు నేయు కార్ఖానాలు వచ్చినవి, మగవారు కూలికి పోయిరి, ఆడవారు ఇంట కూర్చుండి బీడీలు చుట్టిరి. భార్య పని వేరు, భర్త పని వేరు అయినది. వేరు వేరు ఊళ్లలో ఉండియు ఇల్లు గడుపుకొనవచ్చునని అప్పుడు తెలిసినది. తరువాత కొందరు కొడుకులు దుబాయి, మస్కటు, కువైటు పోయినారు. భార్యతో పనిలేకయే సంసారము నడుచు రోజులు వచ్చినవి గనుక, భార్య ఎందుకు కావలెనో మనవారు మొదటిసారి ఆలోచింపవలసి వచ్చినది. ఈ మాట నవ్వుటకే వ్రాసినను అందులో నిజము లేకపోలేదు.

ఇక కాగితముల సంగతి. మావంటివారికి మొదటి చిక్కు పేర్లయొద్దనే వచ్చును. తెలుగువారికి ఇంటిపేరు ముందు, తన పేరు తరువాత. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. పెండ్లి అయిన స్త్రీకి నడుమ తండ్రి పేరు పోయి భర్త పేరు వచ్చును. బడిలో చేర్చుకొన్న మాస్టరుగారు మరాఠీవారైనయెడల లక్ష్మి లక్ష్మీబాయి అగును. బాప్తిస్మము పొందినప్పుడు ఆమెయే కరుణమ్మ అగును. రేషను కార్డులో ఒక పేరు, బడి సర్టిఫికెటులో ఒకటి, సంఘపు పుస్తకములో ఇంకొకటి. (ఒకే మనిషి రెండు పేర్లు ఎందుకు ఉంచుకొనవలసి వచ్చినదో మన సంఘములలో అందరికి తెలిసినదే. అది వేరొక వ్యాసమునకు తగినది.) పాస్‌పోర్టు దరఖాస్తులోనేమో ఇంటిపేరునకు ఒక గడి, సొంత పేరునకు ఒక గడి. ఎక్కడనో దూరదేశపు వీసా ఆఫీసులో కూర్చున్న అధికారి ఈ కాగితములన్నియు పరచుకొని చూచినప్పుడు ఆయనకు ముగ్గురు స్త్రీలు కనబడుదురు. ఆయన తప్పేమియు లేదు. ఆమె తప్పును లేదు. గెజెటులో ప్రకటన వేయించి, అఫిడవిటు వ్రాయించి, ఈ ముగ్గురును ఒక్కరే అని రుజువు చేయుటకు నెలలు పట్టును. అంతవరకు భర్త అక్కడ, ఆమె ఇక్కడ.

ఈ సందర్భములో కొందరు సహోదరులు, "చూచితిరా, మన పెండ్లిని ప్రభుత్వము నమ్మదు, అవమానపరచుచున్నది" అందురు. ఆ కోపము మాకు అర్థమగును గాని, దానిని కొంచెము నిలిపి చరిత్ర వైపు చూడవలెనని కోరుచున్నాము. మన తెలుగు బాప్టిస్టు సంఘములనుండి సేవకుడుగా నెల్లూరు ప్రాంతమువాడైన జాన్ రంగయ్యగారు 1903లో దక్షిణాఫ్రికాలోని నటాలుకు పోయి, చెరకు తోటలలోను తేయాకు తోటలలోను పనిచేయు తెలుగువారి నడుమ కెయర్స్‌నీ అను చోట సంఘము స్థాపించినారని మనము గర్వముగా చెప్పుకొందుము. ఆయన అక్కడ ఉండగనే, 1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి సెర్ల్ ఒక తీర్పు చెప్పినారు. భారతదేశమునుండి భర్తయొద్దకు వచ్చిన ఒక ముస్లిము స్త్రీని ఓడరేవులో దిగనీయలేదు. బహుభార్యాత్వమును అంగీకరించు మతము ప్రకారము జరిగిన వివాహము ఆ దేశపు చట్టము ముందు వివాహము కాదు, కనుక ఆమె భార్యగా లోనికి రాకూడదు అని ఆ తీర్పు సారాంశము. ఒక్క దెబ్బతో అక్కడి హిందూ, ముస్లిము స్త్రీలలో ఎక్కువమంది భార్యలు కాకపోయిరి. క్రైస్తవ పద్ధతిలో జరిగిన పెండ్లికి మాత్రము ముప్పు లేదు.

అంటే నటాలులోని మన తెలుగు బాప్టిస్టులు ఆ రోజున చల్లగా ఉండవచ్చును. మన సర్టిఫికెటు చెల్లును, పొరుగింటివారిది చెల్లదు. అదే ఓడలో వచ్చినవారు, అదే తోటలో కలుపు తీసినవారు, అదే వానకు తడిసినవారు. కస్తూర్బా గాంధీగారు, ఇంకను అనేకమంది స్త్రీలు ఆ సంవత్సరమే సత్యాగ్రహము చేసి జైలుకు పోయిరి. 1914లో వచ్చిన ఇండియన్ రిలీఫ్ చట్టము భారతీయునికి ఒక భార్యను, ఆమె పిల్లలను గుర్తించినది. తరువాత 1953లో అదే దేశము భారతదేశమునుండి భార్యలు వచ్చుటనే ఆపుచు ఇంకొక చట్టము చేసినది. ఈసారి క్రైస్తవులకు, ఇతరులకు తేడా చూడలేదు. మన కాగితము చెల్లినంతకాలము చట్టము న్యాయమైనదని అనిపించుట మనుష్య స్వభావము. చెల్లని దినమున మాత్రమే అది అన్యాయముగా కనబడును. ఈ ప్రశ్నను మన కడుపునొప్పితో మాత్రమే కొలువకూడదని ఈ సంగతి ఎత్తినాము.

అయితే దేశమునకు తన తలుపు కాచుకొను హక్కు లేదా? ఉన్నదని మేము ఒప్పుకొందుము. ఇంటికి వాకిలి ఉన్నట్లు దేశమునకు సరిహద్దు ఉండును. వచ్చినది నిజమైన భార్యయేనా అని అడుగుటలో తప్పు లేదు. పరదేశపు సంబంధమని మురిసిపోయి పిల్లను ఇచ్చి, నగలు కట్నము ముట్టచెప్పి, తరువాత అల్లుని చిరునామాయే దొరకక ఏడ్చిన తల్లిదండ్రులు మన మధ్య ఉన్నారు. పెండ్లి మాటలలో సూపర్‌వైజరు అని చెప్పిన పిల్లవాడు జీతపు చీటీలో హెల్పరుగా కనబడిన సందర్భములు మేమే చూచినాము. మధ్యవర్తి దాచిన సంగతి దరఖాస్తు బయటపెట్టినది. అప్పుడు ఆ అధికారి ప్రశ్న మన ఆడపిల్లకు మేలే చేసినది. కనుక ప్రశ్నలడుగు ప్రతి అధికారిని ఫరో అనుట సరికాదు.

చిక్కు ఎక్కడ వచ్చునంటే, "ఈమె భార్యయేనా?" అను ప్రశ్న మెల్లగా "ఈ భార్య నాకు తగినదేనా?" అను ప్రశ్నగా మారినప్పుడు. ఇంగ్లండులో 1997 వరకు ఒక నియమము ఉండెను. పెండ్లి నిజమైనది అని చూపిన చాలదు. ఈ పెండ్లి చేసుకొనుటలో ముఖ్యోద్దేశము ఆ దేశములో ప్రవేశించుట కాదని కూడ దరఖాస్తుదారుడే రుజువు చేయవలెను. లేనిదానిని లేదని ఎట్లు రుజువు చేయుదురు? పెద్దలు కుదిర్చిన పెండ్లిలో పిల్లవాడు అక్కడ ఉన్నాడు గనుక పిల్ల అక్కడికి పోవును. అందులో ఉద్దేశమును వేరుచేసి చూపుమన్న మా అమ్మమ్మలెవరును చూపలేకపోయెడివారు. ఆ నియమము తీసివేసినారు గాని, 2012లో జీతపు కొలత పెట్టినారు. అక్కడ స్థిరపడినవాడు భార్యను తెచ్చుకొనవలెనన్న సంవత్సరమునకు 18,600 పౌండ్ల ఆదాయము చూపవలెను. 2024 ఏప్రిలులో దానిని 29,000 చేసినారు. జర్మనీ 2007 నుండి, వచ్చు భార్య గాని భర్త గాని బయలుదేరకముందే జర్మను భాషలో మొదటి మెట్టు పరీక్ష ప్యాసు కావలెనన్నది. షోలాపూరు పిల్ల అందుకొరకు పూనా పోయి నెలలు చదువవలెను. భాష నేర్చుకొనుట మంచిదే, మనమును ఇక్కడికి వచ్చి మరాఠీ నేర్చుకొన్నవారమే. అయితే అక్కడ పెద్ద జీతపు నిపుణుల భార్యలకు ఆ పరీక్ష నుండి మినహాయింపు ఇచ్చినారు. భాష అవసరమైనయెడల అందరికిని అవసరమే కదా? జీతము పెరిగినకొలది భార్యకు భాష అవసరము ఎట్లు తగ్గునో మాకు బోధపడలేదు.

మా ఊరి పెండ్లి ఒకటి ఈ కొలతలకు పెట్టి చూడుడి. డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు 1910లో షోలాపూరులో పుట్టినవాడు. 1938లో భారత వైద్య బృందముతో చైనాకు పోయినాడు. అక్కడ యుద్ధభూమిలో పనిచేయుచు, గువో చింగ్‌లాన్ అను చైనా నర్సును 1941లో పెండ్లిచేసుకొన్నాడు. 1942లో వారికి కొడుకు పుట్టినాడు. భారత చైనా దేశముల పేర్లు రెండును కలిపి ఆ బిడ్డకు ఇన్‌హువా అని పేరు పెట్టినారు. ఆ సంవత్సరమే డిసెంబరులో కోట్నీసు కన్నుమూసినాడు. ఏడాది మాత్రమే నడిచిన కాపురము. వధూవరుల భాష వేరు, దేశము వేరు, ఆహారము వేరు. వరుని బంధువు ఒక్కడును పెండ్లిలో లేడు. ఈనాటి అధికారి బల్లమీద ఈ దరఖాస్తు పెట్టినయెడల ప్రతి గడిలోను అనుమానపు గుర్తే పడును. ఆ స్త్రీ మాత్రము 2012లో చనిపోవువరకు భర్త దేశముతో బంధుత్వము విడువలేదు, పలుమార్లు ఇక్కడికి వచ్చి పోయినది. కాగితమునకు అందునది కొంతయే అని చెప్పుటకు ఇంతకంటె దూరము పోనక్కరలేదు.

ఇక్కడనుండి అసలు కష్టమైన ప్రశ్నకు వచ్చుచున్నాము. కొలతలు ఇంత వంకరగా ఉన్నప్పుడు, కొంచెము అబద్ధమాడిన నేమి? "పాస్టరుగారూ, పెండ్లి మే నెలలో జరిగినది గాని సర్టిఫికెటు మీద మార్చి వేయండి, ఒక్క నెల పేరే కదా" అని అడిగినవారు ఉన్నారు. కలిసి ఊరు తిరిగినట్లు ఫోటోలు తీయించువారు ఉన్నారు. తమ్ముని బ్యాంకు పుస్తకములో నాలుగు రోజులు డబ్బు నిలిపి చూపువారు ఉన్నారు. వీరందరు చెడ్డవారని మేము అనుటలేదు. వారి వాదన కూడ తీసివేయదగినది కాదు. ఐగుప్తులో మంత్రసానులు ఫరోకు నిజము చెప్పలేదు. రాహాబు వేగులవారిని దాచి వారు వెళ్లిపోయిరని చెప్పినది. వారిని ఎవరును నిందింపలేదు, మెచ్చుకొన్నారు. కలిసియుండుటకు హక్కున్న భార్యాభర్తలను అన్యాయముగా ఆపు నియమమును ఒక అబద్ధముతో దాటుట అట్టిదే కాదా అందురు.

అట్టిది కాదని మా అభిప్రాయము. ఆ స్త్రీలు అబద్ధమాడినది ఇతరుల ప్రాణముల కొరకు. తమకు ముప్పు తెచ్చుకొని ఆడినారు. ఇక్కడ అబద్ధపు లాభము మనకు, దాని వెల ఇతరులకు. ఒక సంఘమునుండి తప్పు తేదీతో ఒక సర్టిఫికెటు బయటపడినయెడల, ఆ సంఘమునుండి తరువాత వచ్చు పది నిజమైన సర్టిఫికెట్లు అనుమానములో పడును. ఆ పదిలో రెండు పేర్లున్న కరుణమ్మగారిది ఒకటి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము మన సేవకులకు లైసెన్సు ఇచ్చి, పెండ్లి పుస్తకము వారి చేతికి అప్పగించినది. చదువురాని పేదవానికి కూడ కోర్టులో నిలుచు సాక్ష్యము ఆ పుస్తకమే. నటాలులో మనవారిని కాపాడినది కూడ అట్టి కాగితము చెల్లుబాటే.

ఇంకొక సంగతి. సరిహద్దు దాటునప్పుడు పెండ్లిని గురించి అబద్ధమాడినవాడు మనకు బాగుగా తెలిసినవాడే. అబ్రాహాము కరవు కాలములో ఐగుప్తు పోవుచు, తన భార్యను చెల్లెలని చెప్పించినాడు. ఆయనకు గొఱ్ఱెలు, పశువులు, దాసదాసీజనము దొరికిరి. శారా మాత్రము రాజు ఇంటికి తీసికొనిపోబడినది. భర్త భద్రముగా ఉండుటకు ఆడిన మాట భార్యమీద పడినది. మేము చూచిన తప్పు దరఖాస్తులలో కూడ ఎక్కువగా ఇదే జరిగినది. వ్రాసినది మగవారు, మామగారు, ఏజెంటు. సంతకము ఆమెది, ఇంటర్వ్యూలో నిలువబడినది ఆమె, మాట తడబడినది ఆమె. మోసముతో దరఖాస్తు పెట్టినట్లు తేలినయెడల ఇంగ్లండు పది సంవత్సరములవరకు తిరిగి రానీయదు. ఆ పది సంవత్సరములు కూడ ఆమె పేరు మీదనే పడును. "నీ దరఖాస్తులో ఏమి వ్రాసినారో నీకు చదివి వినిపించినారా తల్లీ?" అని మేము ఇప్పుడు ముందు అడుగుచున్నాము. చాలసార్లు వచ్చు జవాబు "లేదండీ" అనియే.

దాచుట వేరు, చెప్పకుండుట వేరు అని కూడ మాకు తోచుచున్నది. అడిగినదానికి జవాబు చెప్పవలెను గాని, మన గుండెలోని సమస్తమును అధికారి బల్లమీద పరచనక్కరలేదు. భర్త వ్రాసిన ఉత్తరములు రుజువుగా జతపరచుమని ఏజెంటు చెప్పినప్పుడు ఒక చెల్లెలు ఒప్పుకొనలేదు. ఫోను బిల్లులు ఇచ్చెదను, ఉత్తరములు ఇయ్యను అన్నది. ఇంటివారు కోపపడినారు. ఆమె చేసినది సరియే అని మేము అనుకొంటిమి, ఇప్పటికిని అనుకొనుచున్నాము.

అన్నిటికంటె మాకు భయము కలిగించునది మరొక అలవాటు. నిశ్చితార్థము కాగానే, సంఘములో పెండ్లికి ఆరునెలలు ఉండగనే, రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సంతకములు చేయించి వచ్చుట. "ఇది పెండ్లి కాదులే, వీసా కొరకు కాగితము" అందురు. పిల్లను తిరిగి పుట్టింటికే పంపుదురు. ప్రత్యేక వివాహ చట్టము ప్రకారము 30 రోజుల నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షుల యెదుట చేసిన సంతకము పెండ్లియే. చట్టమునకు అందులో సగము పెండ్లి, కాగితపు పెండ్లి అనునవి లేవు. అధికారితో పెండ్లి అయినదని చెప్పి, ఊరితో ఇంకను కాలేదని చెప్పినయెడల ఇద్దరిలో ఒకరికి అబద్ధము చెప్పినట్లే. అది అట్లుండగా, వీసా రాకపోయిన ఏమగును? పిల్లవానివారి మనస్సు మారిన ఏమగును? పందిరి వేయలేదు, విందు పెట్టలేదు, ఒక్కరోజు కాపురము లేదు. అయినను ఆ పిల్ల మరల పెండ్లి చేసుకొనవలెనన్న కోర్టుకు పోయి విడాకులు తెచ్చుకొనవలెను. సంఘములో జరిగిన పెండ్లియైనను అంత సులువుగా విడిపోదు; క్రైస్తవులకు ఇద్దరి సమ్మతితో విడిపోవు వీలును 2001లో విడాకుల చట్టమును సవరించి కల్పించినారు, అదియు రెండు సంవత్సరములు వేరుగా ఉన్న తరువాత అని వ్రాసినారు. ఆ కాలమంతయు వాడలోని అమ్మలక్కలు ఆ పిల్లను ఏమని పిలువవలెనో తెలియక గుసగుసలాడుదురు. కనుక రిజిస్ట్రారు ఆఫీసులో సంతకము ముందే కావలసి వచ్చినయెడల, ఆ సాయంకాలమే సంఘములో ప్రార్థన పెట్టి, నలుగురు పెద్దలను పిలిచి, వీరు భార్యాభర్తలని చెప్పివేయుడి. విందు ఎప్పుడైనను పెట్టుకొనవచ్చును. మండపము బుక్ చేసినాము, కార్డులు అచ్చువేసినాము అనుట దీనికి అడ్డు కాకూడదు.

పోవలెనా, ఉండవలెనా అను ప్రశ్నకు మేము ఒకే జవాబు చెప్పలేము. తల్లిదండ్రులను విడిచి భార్యను హత్తుకొనవలెనని పెండ్లిలో అందరము విందుము. అత్తగారు ముప్పది సంవత్సరములు బీడీలు చుట్టి, పొగాకు దుమ్ముతో దగ్గుచు మంచము పట్టియున్నప్పుడు ఆ మాటను గడప దాటు కోడలు ఎట్లు మోయవలెనో పెండ్లి ప్రసంగములో ఎవరును చెప్పరు. మామూలుగా జరుగునది, కొడుకు పోవుట, కోడలు ఉండి అత్తమామలను చూచుట. కొడుకు కర్తవ్యమును కోడలు మోయుచున్నది. అట్లు పది సంవత్సరములు మోసిన ఒక కోడలు భర్తయొద్దకు పోవుటకు దరఖాస్తు పెట్టినప్పుడు వాడలో కొందరు ఆమెను స్వార్థపరురాలు అన్నారు. పదేండ్లు అక్కడ ఉన్న కొడుకును మాత్రము ఎవరును ఆ మాట అనలేదు.

ఈ మధ్య దీనికి తలక్రిందుగా కూడ జరుగుచున్నది. మన ఆడపిల్లలు నర్సులై ముందు పోవుచున్నారు, భర్తలు వారి వెంట ఆధారపడినవారిగా పోవలసి వచ్చుచున్నది. ఆ దరఖాస్తు నింపునప్పుడు మగవాని ముఖము చూడవలెను. నేత కార్ఖానాలో నాలుగు మగ్గములు నడిపినవాడు "భార్యపై ఆధారపడిన వ్యక్తి" అను గడిలో తన పేరు వ్రాయవలెను. ఇల్లరికపు అల్లునికంటె హీనమైతినని ఒకరు అన్నారు. తరతరములుగా మన ఆడవారు ఆ గడిలోనే వ్రాయబడినారని, ఎవరును నామోషీ పడలేదని అతనికి గుర్తుచేసినాము. అతడు నవ్వలేదు. అమెరికాలో హెచ్-1 వీసామీద ఉన్నవారి భార్యలకు గాని భర్తలకు గాని 2015 మే వరకు ఉద్యోగము చేయు అనుమతియే లేదు. తరువాత కూడ కొందరికి మాత్రమే ఇచ్చినారు. చదువుకొన్న స్త్రీలు ఎందరో అట్లు సంవత్సరముల తరబడి నాలుగు గోడల మధ్య కూర్చుండిరి. కలిసియుండుటకు అనుమతి దొరికినది గాని, దానికి వెలగా పని తీసివేసినారు. నేతవాడలో పెరిగినవారికి అది ఎట్టి శిక్షయో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు వ్రాసినది దరఖాస్తు పెట్టుకొనుటకు వీలున్నవారిని గురించి. వీలే లేనివారి సంగతి వేరు. గల్ఫులో క్యాంపు గదిలో మంచముమీద మంచమువేసి పడుకొను కూలివానికి కుటుంబ వీసా దరఖాస్తే లేదు. అతని జీతము ఆ గీత దాటదు. రెండేండ్లకు ఒకసారి నలభై దినములు వచ్చి పోవును. పిల్లలు అతనిని చూచి తల్లి కొంగు చాటున దాగుకొందురు. అతని పెండ్లి సర్టిఫికెటు ఎంత చక్కగా ఉన్నను దానిని చూచువాడు లేడు. ఇంగ్లండు కూడ 2024 మార్చి 11 నుండి, వృద్ధులను చూచుకొను కేర్ వర్కరు పనికి కొత్తగా వచ్చువారు భర్తను గాని బిడ్డలను గాని తెచ్చుకొనరాదని నియమము చేసినది. 2025 జూలైలో బయటిదేశములనుండి ఆ పనికి కొత్తగా పిలుచుటయే ఆపివేసినది. ఆ నడుమ పోయిన స్త్రీ ఒకరి తల్లికి స్నానము చేయించి, అన్నము తినిపించి, రాత్రి ఫోనులో తన తల్లి మందులు వేసికొన్నదో లేదో అడుగును. ఈ పని నీవు చేయవలెను, నీ ఇంటివారు మాత్రము రాకూడదు అని చెప్పు నియమమును ఏ పేరుతో పిలువవలెనో మాకు తెలిసినంతలో ఒక్కటే మాట ఉన్నది, అది అన్యాయము. అట్టిదానికి లోబడి పోవుట తప్పా అన్న తప్పు కాదు. అప్పు ఉన్నది, పిల్లల ఫీజు ఉన్నది. ఆమె పోవునప్పుడు సంఘమంతయు దీవించి పంపి, ఆమె భర్త ఒంటరిగా పిల్లలకు జడలు వేయుచున్నప్పుడు ఎవరును ఆ ఇంటికి పోకపోవుట మాత్రము మా వాడలో జరిగినది.

మీ మీ సంఘములలో ఇట్లు ఒంటరిగా వచ్చి పనిచేయుచున్న మన స్త్రీలు, క్యాంపులలో ఉన్న మన సహోదరులు ఎందరున్నారో, వారు ఆదివారము ఎక్కడ భోజనము చేయుచున్నారో దయచేసి మాకు వ్రాయుడి. వారి ఇండ్లు ఇక్కడ అశోక్ చౌకులోనో, దత్తనగరులోనో, బీడీ ఘర్‌కుల్‌లోనో ఉన్నయెడల పేరు, ఇంటి గుర్తు తెలిపినచో మేము పోయి చూచి వచ్చెదము. పేరు మాత్రము పాస్‌పోర్టులో ఉన్నట్లు కాక, వాడలో పిలుచునట్లు వ్రాయుడి. లేనియెడల ఇల్లు దొరకదు.